ఎడారి ఎండలో బండికి గాలి, మనిషికి నీడ



మోటారు సైకిళ్ళ గురించి మహిళల కార్యక్రమంలో చెప్పేదేమిటి, అది మగవాళ్ళ గొడవ కదా అని మీలో కొందరు ఈపాటికి లేచి వంటింట్లోకి వెళ్ళబోతూ ఉంటారు. ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఇంట్లో పాతికేళ్ళ కుర్రాడున్న ప్రతి తల్లికీ ఏదో ఒక వేసవిలో ఈ సమస్య వచ్చే తీరుతుంది. "అమ్మా, స్నేహితులం నలుగురం బండ్ల మీద రాజస్థాన్ వెళ్తున్నాం. జోధ్‌పూరు దాకా బండ్లు రైల్లో వేసేసి, అక్కణ్ణించి జైసల్మేరు వెళ్ళి ఎడారి చూసొస్తాం" అంటాడు. ఏ నెలలోరా అంటే మే నెలలో అంటాడు. సెలవులు అప్పుడే దొరికాయంటాడు. మరికొందరు అక్కచెల్లెళ్ళ సంగతి వేరు. వాళ్ళ భర్తలు సైన్యంలోనో, వైమానిక దళంలోనో ఉద్యోగరీత్యా జోధ్‌పూరులోనో, జైసల్మేరులోనో, బార్మేరులోనో కాపరం పెట్టి ఉంటారు. అక్కడ బండి సరదా కోసం కాదు. రోజూ ఆఫీసుకూ బజారుకూ వెళ్ళే వాహనం.

కాబట్టి ఎండకు బండి ఎలా వేడెక్కుతుందో, అలా కాకుండా ఏం చేయాలో మనమూ తెలుసుకుంటే, గుమ్మంలో నిలబడి "జాగ్రత్త నాయనా" అనడం కన్నా కాస్త పనికొచ్చే మాట చెప్పగలుగుతాం. ఇందులో మనకు తెలియని శాస్త్రం ఏమీ లేదు. రోజూ పొయ్యి దగ్గర మనం చూసేదే.

ముందు ఆ ఎండ సంగతి చెప్పుకుందాం. రెంటచింతల ఎండలూ, రామగుండం ఎండలూ మనకు తెలియనివి కావు. 45 డిగ్రీలు దాటిన రోజున మన ఊళ్ళలో మధ్యాహ్నం పూట వీధిలో మనిషి కనబడడు. థార్ ఎడారిలో మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. జోధ్‌పూరుకు ఉత్తరంగా ఉన్న ఫలోదీ అనే ఊళ్ళో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదయింది. చూరూ పట్టణంలో 2019 జూన్ 1న 50.8 డిగ్రీలు చూశారు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఈ అంకెలన్నీ నీడలో కొలిచినవి. తెల్లరంగు వేసిన గాలాడే చెక్కపెట్టెలో, నేలకు ఛాతీ ఎత్తున థర్మామీటరు పెట్టి కొలుస్తారు. ఎండలో మాడుతున్న తారు రోడ్డు 60 డిగ్రీలు దాటిపోతుంది. మన అబ్బాయి బండి వెళ్ళేది ఆ రోడ్డు మీద! దానికి తోడు పడమటి నుంచి 'లూ' అనే పొడి గాలి వీస్తుంది. మన వడగాలికి అది పెద్దన్న అనుకోండి.

ఇక బండిలో వేడి ఎక్కణ్ణించి వస్తుంది? ఎండ నుంచి కాదు. బండి లోపలే ఒక పొయ్యి ఉంది. ఇంజనులో పెట్రోలు మండుతుంది. మండిన పెట్రోలులో చక్రం తిప్పడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువే. మిగతాదంతా వేడి. కొంత వేడి సైలెన్సరు గుండా పొగతో పోతుంది. తక్కినది ఇంజను లోహానికి పడుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే లోపలి నూనె పలచబడి, ముషలం సిలిండరుకు రాసుకుని, చివరికి ఇంజను పట్టేస్తుంది. మెకానిక్కులు 'సీజ్ అయింది' అంటారే, అదన్నమాట. వేగంగా వెళ్తుండగా ఇంజను పట్టేస్తే వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అప్పుడు పోయేది బండి ఒక్కటే కాదు.

ఆ వేడిని బయటికి పంపే పద్ధతులు మూడు.

మొదటిది గాలి పద్ధతి. పులిహోర కలపాలంటే అన్నాన్ని గిన్నెలోనే ఉంచుతామా? వెడల్పాటి పళ్ళెంలో పరుస్తాం. ఎంత వెడల్పుగా పరిస్తే అంత త్వరగా ఆరుతుంది. పాత బుల్లెట్టు బండి ఇంజను చుట్టూ అట్టల్లాగా లోహపు రెక్కలు చూసే ఉంటారు. అవి అందం కోసం పెట్టినవి కావు. వేడిని పళ్ళెంలో పరిచినట్టు పరుస్తాయి, బండి ముందుకు వెళ్తుంటే ఎదురుగాలి వాటి సందుల్లోంచి దూసుకుపోతూ ఆ వేడిని ఎత్తుకుపోతుంది. బండి ఆగితే ఆ గాలీ ఆగిపోతుంది.

రెండోది ఫ్యాను పద్ధతి. మనలో చాలామంది నడిపే స్కూటర్లకు ఇంజను మూతల వెనక దాగి ఉంటుంది కాబట్టి గాలి నేరుగా తగలదు. అందుకని లోపల ఒక చిన్న ఫ్యాను పెడతారు. ఇంజను తిరుగుతున్నంతసేపూ అదీ తిరుగుతుంది. అందువల్లే సిగ్నలు దగ్గర ఆగినా స్కూటరు అంత తొందరగా అలిసిపోదు.

మూడోది నీళ్ళ పద్ధతి. చంటిపిల్లల పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లారుస్తామే, అలాంటిదే. ఇంజను చుట్టూ మందు కలిపిన నీరు తిరిగి, వేడిని ముందున్న రేడియేటరుకు మోసుకొస్తుంది. ఆ నీటినే కూలెంటు అంటారు. ఇప్పుడొచ్చే ఖరీదైన బండ్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు. దాని మూత మన ప్రెషర్ కుక్కరు మూత చేసే పనే చేస్తుంది. లోపల ఒత్తిడి ఉంటే నీరు 100 డిగ్రీలకు మరగదు. కూలెంటులో కలిపే మందు కొంత, మూత ఒత్తిడి కొంత కలిసి, ఆ నీరు 120 డిగ్రీలు దాటేదాకా మరక్కుండా ఆపుతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ ప్రసంగంలో ముఖ్యమైన విషయం ఇదే. ఏ వస్తువైనా చల్లబడాలంటే చుట్టూ ఉన్న గాలి దానికన్నా చల్లగా ఉండాలి. ఆ తేడా ఎంత ఎక్కువైతే అంత త్వరగా చల్లబడుతుంది. గాలితో చల్లబడే ఇంజను పైభాగం 180 డిగ్రీల వేడితో ఉందనుకోండి. హైదరాబాదులో 30 డిగ్రీల రోజున తేడా 150. ఎడారిలో 48 డిగ్రీల రోజున తేడా 132. అంటే ఇంజనుకు తగ్గింది నూటికి 12 పాళ్ళు మాత్రమే. నీళ్ళతో చల్లబడే బండిలో కూలెంటు 95 డిగ్రీలు అనుకుంటే, 65 ఉండాల్సిన తేడా 47 అవుతుంది. పావు వంతు పైగా తగ్గిందన్నమాట. ఇబ్బందే గానీ బండి ఆగిపోయేంత ఇబ్బంది కాదు.

మరి మనిషి సంగతి? మన చర్మం సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. 30 డిగ్రీల గాలి తగిలితే హాయిగా ఉంటుంది. 48 డిగ్రీల గాలి తగిలితే లెక్క తలకిందులవుతుంది. గాలి మన వేడిని తీసుకుపోవడం మాని, తన వేడినే మనలోకి నెడుతుంది. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను పొయ్యిలోనే పెట్టి చల్లార్చబోయినట్టు! బండి వేగం పెంచిన కొద్దీ ఇంజనుకు హాయి, మనిషికి వేడి. ఎడారిలో ఇంజనుకు తన జాగ్రత్తలో కొంచెమే తగ్గుతుంది. మనిషికి మొత్తం పోతుంది.

మా చెల్లెలి కొడుకు విషయంలో ఇది కళ్ళారా చూశాం. బండి అంటే వాడికి ప్రాణం. వెళ్ళే ముందు ఇంజను నూనె మార్పించాడు, గొలుసు మార్పించాడు, రెక్కల మధ్య మట్టిని పళ్ళ బ్రష్షుతో తోమాడు. తన కోసం మాత్రం ఒక లీటరు నీళ్ళ సీసా, ఒక పొట్టిచేతుల బనీను తీసుకెళ్ళాడు. మే నెలలో జోధ్‌పూరులో ఉదయం తొమ్మిదింటికి బయలుదేరారు. ఒంటిగంట ప్రాంతంలో, పోఖ్రాన్ ఇంకా కొద్ది దూరంలో ఉందనగా, వెనక వస్తున్న స్నేహితుడు వీడి బండి రోడ్డుకు అటూ ఇటూ తూలడం చూశాడు. ఎలాగో ఒక టీకొట్టు దగ్గర ఆపించారు. మీదే ఊరని అడిగితే వీడు సంబంధం లేని జవాబు చెప్పాడట. కొట్టు ముసలాయన వెంటనే కుండలో నీళ్ళు నెత్తిన గుమ్మరించి, తన తలపాగా విప్పి తడిపి ఒంటికి చుట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. ఆ తరవాత పోఖ్రాన్ ఆసుపత్రిలో రాత్రంతా సెలైను ఎక్కించారు. భగవంతుడి దయ, గట్టెక్కాడు. తిరిగొచ్చాక నాతో ఏమన్నాడో తెలుసా? "పెద్దమ్మా, బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. సాయంత్రం మీట నొక్కగానే కదిలింది" అన్నాడు. నేనేం చెప్పను? బండికి చేసిన దానిలో సగం తనకు చేసుకున్నా ఆ ఆసుపత్రి మంచం తప్పేది.

అందుకే బండి జాగ్రత్తలూ, మనిషి జాగ్రత్తలూ రెండూ చెబుతాను. మొట్టమొదటి జాగ్రత్త, వెళ్ళాల్సిన పని లేకపోతే ఆ నెలల్లో వెళ్ళకపోవడం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎడారి ఎంతో హాయిగా ఉంటుంది. జైసల్మేరు కోట, సమ్ ఇసుక తిన్నెలు ఎక్కడికీ పోవు. ఈ మాట ఒకసారి చెప్పి చూడండి. వింటే మంచిదే. వినకపోతే ఇక ఇవి చెప్పండి.

బయలుదేరే ముందు చూడాల్సింది నూనె. ఇంజను నూనె రాపిడిని తగ్గించడమే కాదు, లోపలి వేడిని మోసుకొచ్చి బయటికి ఇస్తుంది కూడా. నూనె అరలీటరు తక్కువైతే వేడిని మోసే కూలీలు తక్కువైనట్టే. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అనీ, 20డబ్ల్యూ-50 అనీ అంకెలుంటాయి. రెండో అంకె పెద్దదయిన కొద్దీ వేడిలో ఆ నూనె చిక్కదనం ఎక్కువగా నిలుస్తుంది. అలాగని ఎవరో చెప్పారని చిక్కటి నూనె పోయించకూడదు. బండితో ఇచ్చిన పుస్తకంలో వేడి ప్రాంతానికి ఏది రాస్తే అదే పోయించాలి.

రెండోది గాలి వడపోసే ఫిల్టరు. ఎడారి ఇసుక మైదాపిండి అంత మెత్తగా ఉంటుంది. ఫిల్టరు పూడిపోతే ఇంజనుకు ఊపిరాడదు. చిరిగితే ఇసుక లోపలికి పోయి సిలిండరును గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఊళ్ళో మూణ్ణెల్లకోసారి చూసేది అక్కడ రెండు మూడు రోజులకోసారి చూడాలి.

మూడోది మనలాంటి పొదుపు గృహిణులు వినాల్సిన మాట. మైలేజీ కోసం పాత కార్బురేటరు బండ్లలో పెట్రోలు బాగా తగ్గించి బిగించమని మెకానిక్కుకు చెప్పే అలవాటు చాలామందికి ఉంది. పెట్రోలు మరీ తగ్గి గాలి ఎక్కువైతే ఇంజను మామూలు కన్నా వేడిగా నడుస్తుంది. లీటరుకు రెండు కిలోమీటర్లు మిగిలాయని సంతోషించేలోగా ఇంజను ఖర్చు మీద పడుతుంది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక తయారైన బండ్లలో చాలావాటికి కంప్యూటరే పెట్రోలు కొలిచి పోస్తుంది కనుక వాటికి ఈ బాధ లేదు.

నీళ్ళ బండి అయితే కూలెంటు సీసా మీద రెండు గీతలుంటాయి. బండి చల్లగా ఉన్నప్పుడు నీరు ఆ రెండింటి నడుమ ఉండాలి. కుళాయి నీళ్ళు పోయకూడదు. ఎడారి ఊళ్ళలో నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వేన్నీళ్ళ గీజరులో తెల్లటి పెచ్చు కట్టినట్టే రేడియేటరు సన్న గొట్టాల్లోనూ పెచ్చు కడుతుంది.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలక ముందే కొలిపించాలి. గాలి తక్కువైతే టైరు నలిగి నలిగి మరింత వేడెక్కి పగిలే ప్రమాదముంది. మధ్యాహ్నం కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. వేడికి గాలి వ్యాకోచించడం వల్ల అలా కనిపిస్తుంది. అప్పుడు గాలి తీసేస్తే తెల్లవారేసరికి టైరు మెత్తబడిపోతుంది.

పెట్రోలు ట్యాంకు గురించి ప్రతి వేసవిలో ఒక పుకారు పుడుతుంది, నిండా పోయిస్తే ఎండకు పేలిపోతుందని. ఎండ వేడికి పెట్రోలు తనంతట తాను అంటుకోదు. అయితే పాలు పొంగినట్టు కాస్త వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే నూటికి ఒక పాలు చొప్పున పెరుగుతుంది. అందుకని బంకులో గొట్టం 'టక్'మని ఆగిన చోటే ఆపించాలి, మూతి దాకా నింపించకూడదు. ఎడారిలో బంకులు దూరదూరంగా ఉంటాయి కనుక సగం ట్యాంకు ఉండగానే పోయించుకోవాలి.

సామాను సర్దడంలో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. ముందు కమ్మీలకు సంచులూ, డబ్బాలూ వేలాడదీస్తారు. అవి సరిగ్గా ఇంజనుకు వచ్చే గాలికి అడ్డం. మనం కిటికీకి అడ్డంగా బీరువా పెట్టి గాలి రావడం లేదన్నట్టు ఉంటుంది. సామాను అంతా వెనకకే కట్టాలి.

ఇక దారిలో. తెల్లవారుజామునే లేచి, వెలుగు రాగానే బయలుదేరాలి. ఎడారి ఇసుక రాత్రికి త్వరగా చల్లారుతుంది కాబట్టి ఉదయం గాలి హాయిగా ఉంటుంది. జోధ్‌పూరు నుంచి జైసల్మేరుకు సుమారు 280 కిలోమీటర్లు. పదిన్నరా పదకొండు గంటలకల్లా ఎక్కడో ఒక చోట నీడ పట్టున చేరి, మళ్ళీ సాయంత్రం ఐదు దాటాకే కదలాలి. పూర్తిగా చీకట్లో వెళ్ళడమూ మంచిది కాదు. ఆవులూ ఒంటెలూ రోడ్డు మీదే నిలబడతాయి.

వేగం గంటకు 60 నుంచి 80 కిలోమీటర్లు చాలు. 80 నుంచి 110కి పెంచితే వేగం పెరిగింది మూడో వంతుకు కాస్త పైన. గాలిని చీల్చడానికి ఇంజను పడే శ్రమ మాత్రం రెట్టింపు దాటుతుంది. శ్రమ పెరిగితే వేడీ పెరుగుతుంది. మరీ నెమ్మదిగా వెళ్ళినా కష్టమే. ఇసుకలో దిగబడ్డప్పుడు మొదటి గేరులో ఇంజనును రొద పెట్టి, క్లచ్చి సగం పట్టుకుని లాగుతూ ఉంటారు. మంట నిండుగా ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. ఇంజనుకు అంతకన్నా శిక్ష లేదు. రెండు నిమిషాలు ప్రయత్నించి, రాకపోతే ఇంజను ఆపి, దిగి, నలుగురూ కలిసి తోసుకోవడమే మేలు.

వెనక నుంచి వీచే గాలి కూడా మోసం చేస్తుంది. లూ పడమటి నుంచి వీస్తుందన్నాం కదా. జైసల్మేరు నుంచి తిరిగి జోధ్‌పూరు వైపు వస్తున్నప్పుడు గాలి వీపున ఉంటుంది. గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తోస్తూ, బండి 60లో వెళ్తుంటే ఇంజనుకు తగిలే ఎదురుగాలి 20 మాత్రమే. వెళ్ళేటప్పుడు బాగానే ఉన్న బండి వచ్చేటప్పుడు వేడెక్కడానికి ఇదొక కారణం.

బండి నిలబెట్టి ఇంజను ఊరికే తిప్పుతూ కబుర్లు చెప్పకూడదు. ఆపాలనుకున్నప్పుడు చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపి, ఇంజనును కాస్త చల్లార్చి, అప్పుడు పూర్తిగా ఆపేయాలి. గంటకోసారి పావుగంట విశ్రాంతి తప్పనిసరి. ఇసుకలో, మెత్తబడ్డ తారులో బండి కాలు కూరుకుపోయి పడిపోతుంది. దాని కింద ఒక చదునైన రాయి పెట్టాలి.

ఇన్ని చేసినా ఇంజను వేడెక్కితే ఎలా తెలుస్తుంది? బండి ముందే చెబుతుంది. లాగే బలం తగ్గుతుంది. ఎత్తు ఎక్కుతుంటే లోపల గవ్వలు కదిలినట్టు టకటక చప్పుడు వస్తుంది. గేరు మొరాయిస్తుంది. మాడిన నూనె వాసన వస్తుంది. నీళ్ళ బండిలో ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు 'ఇంకో పది కిలోమీటర్లే కదా' అనుకోకూడదు. నీడ చూసి ఆపి, అరగంట ఊరుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

అప్పుడు చేయకూడనివి రెండున్నాయి. మాడుతున్న ఇంజను మీద చల్లనీళ్ళు పోయకూడదు. వేడి గాజుగ్లాసులో చల్లనీళ్ళు పోస్తే ఏమవుతుందో మనకు తెలుసు. లోహమూ అలాగే బీటలు వారవచ్చు. రెండోది, రేడియేటరు మూత తీయకూడదు. ఆవిరి దిగని కుక్కరు మూత తీసే గృహిణి ఉంటుందా? మరుగుతున్న కూలెంటు మొహాన చిమ్మి కళ్ళు పోయే ప్రమాదముంది. చేయి పెట్టగలిగేంత చల్లారాకే ముట్టుకోవాలి.

ఇక మనిషి. గాలి చల్లబరచనప్పుడు మనిషికి మిగిలిన ఒకే దారి చెమట. చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే కదా. విశాఖపట్నంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి చెమట కారుతుంది, కనబడుతుంది. ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. "నాకసలు చెమటే పట్టలేదు" అంటాడు అబ్బాయి. నిజానికి గంటకు లీటరు దాకా నీరు పోయి ఉంటుంది. దాహం వేసేవరకు ఆగితే ఆలస్యమైనట్టే.

ఇంజనుకు గాలి విప్పి పెట్టాలి, మనిషిని మాత్రం కప్పి పెట్టాలి. ఆ ఎడారిలో ఒంటెలు తోలేవాళ్ళను చూడండి. తలకు పెద్ద పాగా, ఒంటి నిండా వదులైన నూలు బట్టలు. వాళ్ళు తరతరాలుగా నేర్చుకున్న విద్య అది. మన పిల్లలు పొట్టి బనీన్లు వేసుకుని 'గాలి తగులుతుంది' అంటారు. తగిలేది నిప్పుల గాలి. పూర్తి చేతుల చొక్కా, పైన బండి నడిపేవాళ్ళ కోటు, చేతి తొడుగులు ఉండాలి. లోపలి బనీనును, మెడకు కట్టే తువ్వాలును నీళ్ళలో తడిపి వేసుకోవాలి. అరగంటలో ఆరిపోతాయి, మళ్ళీ తడపాలి. ఉక్కగా ఉందని శిరస్త్రాణం మాత్రం తీయకూడదు.

తాగడానికి ఉత్త నీళ్ళే చాలవు, ఉప్పు కూడా పోతుంది కదా. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపాలి. ఇవి టీచెంచాలు, తలకొట్టి కొలవాలి. లేదా మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో వేయండి. దారిలో ఎక్కడ చూసినా అక్కడివాళ్ళు 'ఛాఛ్' అనే మజ్జిగ ఇస్తారు. ఉప్పు వేసిన మజ్జిగను మించినది లేదు. మన చలివేంద్రాల్లాంటివి అక్కడా ఉంటాయి, 'ప్యావూ' అంటారు. వాటి దగ్గర సీసాలు నింపుకోవాలి. మనిషికి ఐదారు లీటర్ల నీళ్ళు ఎప్పుడూ వెంట ఉండాలి. రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ముందే డాక్టరును అడిగి వెళ్ళడం మంచిది. సెల్‌ఫోను ఎండలో వేడెక్కి ఆగిపోతుంది కాబట్టి, దారిలో ఊళ్ళ పేర్లు, దూరాలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టండి.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే ఆగి నీడలో పడుకుని ఉప్పు పంచదార నీళ్ళు తాగితే సరిపోతుంది. మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, ఒళ్ళు పెనంలా కాలిపోతున్నా అది వడదెబ్బ. ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క. వెంటనే 108కి ఫోను చేయించి, అది వచ్చేలోగా పైబట్టలు విప్పి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. మంచుగడ్డ దొరికితే మెడకూ చంకలకూ పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. జ్వరం మాత్ర పనిచేయదు. గమనించారా, ఇంజను మీద పోయకూడదన్న నీళ్ళే మనిషి మీద పోయాలి!

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. బండి వేడెక్కితే దీపం వెలిగించి చెబుతుంది, చప్పుడు చేసి చెబుతుంది. మనిషి చెప్పడు. వడదెబ్బ మొదట తినేది తెలివినే కాబట్టి, తనకేమవుతోందో తనకే తెలియదు. అందుకే ఎడారి దారిలో ఒంటరిగా వెళ్ళకూడదు. ప్రతి మజిలీ దగ్గర ఒకరినొకరు పలకరించుకోవాలి. 'మీ అమ్మ పేరేమిటిరా' అని అడిగితే చాలు. తడుముకున్నాడంటే ఆ రోజుకు ప్రయాణం ఆపేయాలి.

కాబట్టి మీ అబ్బాయి బయలుదేరే రోజున నూనె మార్పించావా, ఫిల్టరు చూశావా అని అడగండి. ఆ తరవాత నీళ్ళెన్ని పెట్టుకున్నావు, పదకొండింటికి ఏ ఊళ్ళో ఆగుతావు, నీ వెనక ఎవరు వస్తున్నారు అని కూడా అడగండి. నవ్వుతాడు, "నీకెలా తెలుసమ్మా ఇవన్నీ" అంటాడు. కుక్కరు మూత గురించి మాకు చెప్పాలా నాయనా అనండి.